రికవరీ మెషిన్ 5 ఇంచుల దగ్గర ఆగిపోతోంది: పిస్టన్ సీళ్లా, వాల్వులా?

నరసన్నపేట ఏసీ

అన్నలందరికీ నమస్తే. రికవరీ మెషిన్ అంటే ఏసీలోని గ్యాస్‌ని లాగి సిలిండర్‌లోకి నింపేది కదా, మాది 1 హెచ్‌పీ, రెండు పిస్టన్లు, ఆయిల్ లేని రకం. నాలుగేళ్లుగా వాడకంలో ఉంది. ఒకటిన్నర టన్ను స్ప్లిట్‌లో ఆర్22 గ్యాస్ తీస్తే లిక్విడ్ ఉన్నంతసేపూ బాగానే లాగుతుంది. సక్షన్ గేజ్ సున్నా దాటాక ఇక నత్తనడకే. 5 ఇంచుల వ్యాక్యూమ్ (పాదరసం ఇంచుల్లో, బయటి గాలి పీడనం అంటే సున్నా) దగ్గర ముల్లు నిలబడిపోతుంది, ఎంతసేపు ఉంచినా కిందికి దిగదు. ఇదివరకు 20 దాటేది. సౌండ్‌లో తేడా లేదు, మోటార్ బాగానే స్టార్ట్ అవుతోంది.

ఇంకోటి. ఈ మెషిన్‌తో నింపిన ఆర్22 రికవరీ సిలిండర్‌ని రాత్రంతా నీడలో ఉంచి పొద్దున చూస్తే ప్రెజర్ 176 పీఎస్‌ఐ చూపిస్తోంది. సిలిండర్ ఒంటి మీద థర్మామీటర్ 30 డిగ్రీలు. ఏ ఉష్ణోగ్రతకి ఎంత ప్రెజర్ ఉండాలో చెప్పే చార్ట్ ప్రకారం అంత ఉండకూడదు కదా?

సీల్ కిట్ విశాఖ నుంచి తెప్పించాలి. వాల్వ్ ప్లేట్ కిట్ వేరే, దాని ధర వేరే. మెషిన్ విప్పకముందే ఏది పోయిందో తేల్చుకునే దారి ఉందా? నైట్రోజన్ సిలిండర్, రెగ్యులేటర్, రెండు గేజ్ మానిఫోల్డులు ఉన్నాయి.

రాజాం రిఫ్రిజిరేషన్

తమ్ముడూ, దారి ఉంది. కానీ ముందు మెషిన్ బయట ఉన్న దొంగల్ని పట్టుకో. సీళ్ల మీద పెట్టే నేరాల్లో సగం పైపులవే.

హోస్ చివర నల్ల రబ్బరు వాషర్ చూడు. ఫ్లేర్ (పైపు బిగించే ఏటవాలు మూతి) మీద బిగించి బిగించి అది గాడి పడిపోతుంది. ప్రెజర్‌కి పట్టుకుంటుంది, వ్యాక్యూమ్‌కి గాలి పీలుస్తుంది. ఇన్లెట్ పోర్టులో సన్న జాలీ ఫిల్టర్ ఉంటుంది, పానాతో నట్టు తీసి చూడు. బ్రేజింగ్ బొగ్గు, రాగి పొడి అక్కడే పేరుకుంటాయి. యూనిట్ సర్వీస్ పోర్టులో పిన్ వాల్వ్ తీయకుండా లాగితే లిక్విడ్ పోయాక ఆ సన్న కన్నమే అడ్డం. అయితే జాలీ, పిన్ పని నెమ్మది చేస్తాయి అంతే. ముల్లుని ఒకే చోట కట్టేసి ఉంచవు. నీది కట్టేసినట్టు ఆగింది కాబట్టి ఎక్కడో గాలి లోపలికి వస్తోంది, లేదంటే లోపలే వెనక్కి తిరుగుతోంది.

పైపుల అనుమానం తీరాలంటే మెషిన్‌ని ఒంటరి చెయ్యాలి. ముందు లోపలున్న గ్యాస్‌ని పర్జ్ చేసి రికవరీ సిలిండర్‌లోకి పంపు. తర్వాత నైట్రోజన్ కొంచెం వదిలి కడుగు. ఇన్లెట్ పోర్టుకి 1/4 ఇంచు ఇత్తడి ఫ్లేర్ క్యాప్, లోపల రాగి బోనెట్ (లీక్ ఆపే రేకు) పెట్టి బిగించు. ఇన్లెట్ గేజ్ మెషిన్ మీదే ఉంటే హోస్ అసలు వద్దు. గేజ్ లేకపోతే కొత్త వాషర్ ఉన్న పొట్టి హోస్‌తో మానిఫోల్డ్ పెట్టి దాని వాల్వులు మూసెయ్. అవుట్‌లెట్ గాలికి వదిలెయ్. ఇన్లెట్ వాల్వ్ తెరిచి మెషిన్ ఆన్ చెయ్యి. లోపల పట్టే గ్యాస్ కొంచెమే కాబట్టి మంచి మెషిన్ నిమిషం లోపే తన అడుగు చూపించేస్తుంది. ఆ అడుగు ఎంతన్నది మెషిన్‌ని బట్టి మారుతుంది, మాన్యువల్ చూడాలి. నీది ముందు 20 దాటేదన్నావు కాబట్టి నీకు అదే కొలత.

ఇప్పుడు అసలు పరీక్ష. అవుట్‌లెట్‌కి మీటరు హోస్ తగిలించి, దాని రెండో చివర గ్లాసు నీళ్లలో అర అంగుళం మాత్రం ముంచు. ఇన్లెట్ మూసే ఉండాలి. మెషిన్ ఆన్ చేస్తే మొదట బుడగలు గుప్పున వస్తాయి. లోపల ఉన్నదంతా బయటికి పోయాక ఆగిపోవాలి.

ముల్లు 5 దగ్గర నిలబడ్డాక కూడా బుడగలు ఆగకుండా వస్తూనే ఉన్నాయంటే గాలి ఎటునుంచో కొత్తగా లోపలికి వస్తోంది. ఇన్లెట్ మూసేశాం కదా, ఇక వచ్చే దారి పిస్టన్ పక్కనుంచే, క్రాంక్‌కేస్ (పిస్టన్ కిందుండే డబ్బా) వైపు నుంచి. బుడగలు ఆగిపోయి, వ్యాక్యూమ్ మాత్రం దిగకపోతే కొత్త గాలి రావట్లేదు. ఉన్న గ్యాసే వాల్వ్ సరిగా మూసుకోక అటూ ఇటూ ఊగుతోంది. అప్పుడు తప్పు రీడ్ వాల్వులది, అంటే వాల్వ్ ప్లేట్ మీది సన్న రేకులది.

ఒక్క జాగ్రత్త. మెషిన్ ఆపకముందే హోస్‌ని నీళ్లలోంచి తీసెయ్యాలి. లోపల వ్యాక్యూమ్ ఉంటుంది, వాల్వ్ కారుతుంటే నీళ్లు పైకి లాగేస్తుంది. కండెన్సర్లోకి తడి పోతే ఇంకో తలనొప్పి.

విజయనగరం కూలింగ్

బుడగల పరీక్ష బాగుంది మాస్టారూ. ఇంకో సంగతి, మెషిన్ ఆపాక ముల్లు ఏం చేసిందో నరసన్నపేట తమ్ముడు రాయలేదు. చాలామంది దాన్ని తప్పుగా చదువుతారు.

ఇన్లెట్‌కీ సిలిండర్‌కీ మధ్య సక్షన్ వాల్వ్ ఉంది. సీల్ అరిగి క్రాంక్‌కేస్ గాలి సిలిండర్లోకి వచ్చినా సక్షన్ వాల్వ్ మంచిదైతే ఆ గాలి ఇన్లెట్ గేజ్ దాకా రాదు. అంటే మెషిన్ ఆపగానే ముల్లు టక్కున సున్నాకి వచ్చేసిందంటే సక్షన్ వాల్వ్ కారుతోంది, లేదా ఇన్లెట్ ఫిట్టింగ్‌లో లీక్. ముల్లు నిలబడినా, నిమిషాల మీద మెల్లగా జారినా వాల్వ్ బాగున్నట్టే. వ్యాక్యూమ్ తక్కువ, కానీ ఆపాక నిలుస్తోంది అంటే అనుమానం నేరుగా సీళ్ల మీదికే పోవాలి. ఆపితే పడిపోయింది కాబట్టి సీల్ పోయింది అని కిట్ కొనేసేవాళ్లు ఎక్కువ. అది తలకిందుల లెక్క.

మెషిన్ తిరక్కుండానే చూసే పద్ధతి కూడా ఉంది. నైట్రోజన్‌తో. అవుట్‌లెట్‌కి క్యాప్ పెట్టి, ఇన్లెట్ నుంచి రెగ్యులేటర్ ద్వారా 150 పీఎస్‌ఐ ఇవ్వు. ఇన్లెట్ నుంచి వచ్చే ప్రెజర్ రెండు వాల్వుల్నీ అవి తెరుచుకునే వైపే నెడుతుంది. కాబట్టి ఇందులో వాల్వుల మంచిచెడ్డలతో పనే లేదు, పిస్టన్ సీల్ ఒక్కదాని మీదే పరీక్ష జరుగుతుంది. నైట్రోజన్ మూసి 10 నిమిషాలు గేజ్ చూడు. నైట్రోజన్ చల్లగా లోపలికి వస్తుంది కాబట్టి మొదటి రెండు నిమిషాలు లెక్కలోకి తీసుకోకు. ఆ తర్వాత కూడా 150 దగ్గర ఒక్క డిగ్రీ తేడాకి అర పీఎస్‌ఐ పైచిలుకు కదులుతుంది. ఒకటి, రెండు పీఎస్‌ఐ గురించి కంగారు వద్దు. ముల్లు కళ్ల ముందే దిగుతుంటే క్రాంక్‌కేస్ దగ్గర చెవి పెట్టు. బుస వినిపిస్తుంది. సబ్బు నురగ పెడితే ఏ పక్క పిస్టనో కూడా తెలిసిపోతుంది. ఫ్యాన్‌ని చేత్తో పావు చుట్టు తిప్పి మళ్లీ చూడు. స్లీవ్‌లో (పిస్టన్ ఆడే గొట్టంలో) ఒక్కచోట గీత పడి ఉంటే పిస్టన్ అక్కడికి వచ్చినప్పుడే బుస పెరుగుతుంది. ప్లగ్ తీసేశాకే ఫ్యాన్ ముట్టుకో.

తర్వాత తిరగేసి, ఇన్లెట్ మూసి, అవుట్‌లెట్ నుంచి అదే 150 ఇవ్వు. ఇప్పుడు ప్రెజర్, గ్యాస్‌ని బయటికి వదిలే డిశ్చార్జ్ వాల్వ్‌ని మూసే వైపు నెడుతుంది. అవుట్‌లెట్ గేజ్ నిలబడితే డిశ్చార్జ్ వాల్వ్ మంచిది. అది పడుతూ క్రాంక్‌కేస్‌లో బుస వస్తే డిశ్చార్జ్ వాల్వ్, సీల్ రెండూ పోయాయి. ఇన్లెట్ గేజ్ పైకి లేస్తే రెండు వాల్వులూ కారుతున్నాయి. అయితే కొన్ని మెషిన్లలో అవుట్‌లెట్ దగ్గర విడిగా చెక్ వాల్వ్ ఉంటుంది. అలాంటి వాటిలో ఈ రెండో పరీక్ష ఏమీ చెప్పదు. క్రాంక్‌కేస్ పూర్తిగా మూసి ఉన్న మోడల్ అయితే మొదటిదీ పెద్దగా చెప్పదు, ఎందుకంటే కారింది లోపలే ఉండిపోతుంది.

పర్జ్ నాబ్ కూడా మరిచిపోవద్దు. సెల్ఫ్ పర్జ్ ఉన్న, అంటే లోపల మిగిలిన గ్యాస్‌ని తానే బయటికి తోసే మెషిన్లో ఆ నాబ్ లోపలి దారుల్ని మారుస్తుంది. నాబ్ కింద ఓరింగు నలిగితే డిశ్చార్జ్ వైపు గ్యాస్ నేరుగా సక్షన్‌లోకి వచ్చేస్తుంది, అచ్చం వాల్వ్ పోయినట్టే కనిపిస్తుంది. మెషిన్ తిరుగుతుండగా నాబ్‌ని రికవరీ స్థానంలోనే అటూ ఇటూ కొంచెం కదుపు. ముల్లు ఎగిరితే తప్పు నాబ్‌ది. ఓరింగు మారిస్తే సరి.

పలాస ఫ్రిజ్ సర్వీస్

ప్రెజర్ వైపు పరీక్ష ఎవరూ చెప్పలేదేటి? అవుట్‌లెట్ మూసి నడిపితే హై ప్రెజర్ కటాఫ్ (ప్రెజర్ మించితే మెషిన్‌ని ఆపే స్విచ్) దాకా, అంటే చాలా మెషిన్లలో 550 పీఎస్‌ఐ దాకా ఎక్కి ఆగిపోవాలి. సీళ్లు అరిగితే మూడొందల దగ్గరే ఊగిసలాడుతుంది. నిమిషంలో తేలిపోయేదానికి ఇంత తతంగం ఎందుకు?

విజయనగరం కూలింగ్

చెప్పకపోవడానికి కారణం ఉంది బ్రదర్. చాలామంది ఈ పరీక్ష ఇన్లెట్ గాలికి తెరిచి చేస్తారు. లోపల మిగిలిన ఆర్22, దానితో వచ్చిన కంప్రెసర్ ఆయిల్, పైన గాలి, అంతా 500 పీఎస్‌ఐ దాకా నొక్కడం మంచిది కాదు. మామూలుగా మండని ఆర్22, ఆర్134ఏ కూడా గాలితో కలిసి ఎక్కువ ప్రెజర్లో ఉంటే అంటుకోగలవు. మామూలుగానే మండే ఆర్32 సంగతి చెప్పనే అక్కర్లేదు. చెయ్యాలంటే ఇన్లెట్‌కి నైట్రోజన్, అదీ 5, 10 పీఎస్‌ఐ దగ్గర. అవుట్‌లెట్ గేజ్, హోస్ 800 పీఎస్‌ఐ పని ఒత్తిడివి కావాలి. పాత ఆర్22 మానిఫోల్డ్ హోస్‌తో వద్దు. చెయ్యి స్విచ్ మీదే ఉండాలి. కటాఫ్ స్విచ్ పాడైన మెషిన్ అయితే ఆగదు, ఎక్కుతూనే ఉంటుంది.

అదీగాక కప్ రకం సీల్ పెదవి పైకి, హెడ్ వైపు ఉంటుంది. పైనుంచి ప్రెజర్ పడితే ఆ పెదవి గోడకి అతుక్కుంటుంది. సగం అరిగినా ప్రెజర్ కట్టగలదు. వ్యాక్యూమ్‌లో ఆ ఊతం ఉండదు, పైగా కిందనుంచి గాలి పెదవిని గోడనుంచి విడదీస్తుంది. అందుకే అరుగుదల ముందు వ్యాక్యూమ్‌లో బయటపడుతుంది. 550 ఎక్కింది కాబట్టి సీళ్లు బాగున్నాయి అనుకుంటే పొరపాటు. 300 దగ్గరే ఆగిందంటే మాత్రం పాడైన సంగతి ఖాయం, కానీ అది వాల్వా, సీలా అన్నది అప్పటికీ తేలదు.

పలాస ఫ్రిజ్ సర్వీస్

సరే, నైట్రోజన్ మాట ఒప్పుకుంటున్నా. కటాఫ్ స్విచ్ పనిచేస్తోందా లేదా చూడ్డానికైనా ఏడాదికోసారి ఆ పరీక్ష కావాలి అనే నా మాట. సీళ్లు తేల్చడానికి కాకపోయినా.

సిలిండర్ 176 గురించి నేను చెప్తా. ఆర్22కి 30 డిగ్రీల దగ్గర 158 పీఎస్‌ఐ రావాలి. 35 దగ్గర 182, 40 దగ్గర 208. నీది 18 ఎక్కువ. సిలిండర్లో లిక్విడ్ ఉండి, ఉష్ణోగ్రత నిలకడగా ఉండి, గేజ్ సున్నా సరిగా ఉంటే ఆ ఎక్కువంతా గాలే. లేకపోతే వేరే గ్యాస్ కలిసింది. ఆర్410ఏ గానీ ఆర్32 గానీ అదే సిలిండర్లో ఎప్పుడైనా తోశారా? ఆర్32 అయితే 30 దగ్గరే 265 పీఎస్‌ఐ, కొంచెం కలిసినా చాలు ముల్లు పైకి పోతుంది. వేరే గ్యాస్ కలపలేదంటే ఆ గాలి నీ మెషినే తెచ్చి పోసింది.

దీన్ని బట్టే సీల్ ఎందుకు మార్చాలో తెలుస్తుంది. చాలామంది 5 ఇంచులే కదా, గ్యాస్ అంతా వచ్చేసింది కదా అంటారు. అది నిజమే. చిన్న స్ప్లిట్‌లో లోపలి జాగా ఓ 5 లీటర్లు అనుకున్నా 5 ఇంచుల దగ్గర ఆవిరిగా మిగిలే ఆర్22 పదిహేను గ్రాములు. ఆయిల్‌లో కరిగింది కొంత వేరే. ఆ లెక్కన నష్టం చిన్నదే. సున్నా దాటాక మెషిన్ తిరిగిన ప్రతి నిమిషం గ్యాస్ బదులు తేమతో ఉన్న మన సముద్రపు గాలి సిలిండర్లోకి పోతోంది, అసలు నష్టం అక్కడ. ఆ గ్యాస్ మళ్లీ ఎవరి యూనిట్‌లో ఎక్కించినా హెడ్ ప్రెజర్ ఎక్కువ, కరెంటు ఎక్కువ, ఆయిల్‌లో యాసిడ్. సున్నాకి పైన తిరిగేటప్పుడు కథ తిరగబడుతుంది. గ్యాసే క్రాంక్‌కేస్‌లోంచి మెషిన్ డబ్బాలోకి కారుతుంది. అక్కడే స్విచ్, వైరింగ్ ఉంటాయి. ఈ మెషిన్‌తో ఆర్32 ముట్టుకోకు, సీళ్లు మార్చేదాకా. మార్చాక కూడా మెషిన్ మీద ఆర్32కి పనికొస్తుందని రాసి ఉంటేనే.

నరసన్నపేట ఏసీ

మీరు చెప్పిన పరీక్షలు చేశాను, లెక్కలు ఇవి.

హోస్ లేకుండా ఇన్లెట్‌కి క్యాప్ పెడితే 6 ఇంచులు. ఆపాక ముల్లు నిలబడింది, 5 నిమిషాలకి 5 దగ్గరికి వచ్చింది. నీళ్లలో బుడగలు ఆగలేదు, సన్నగా వస్తూనే ఉన్నాయి. పర్జ్ నాబ్ కదిపితే ముల్లులో మార్పు లేదు. ఇన్లెట్ నుంచి 150 నైట్రోజన్ ఇస్తే 10 నిమిషాల్లో 118కి పడింది, ఫ్యాన్ వైపు పిస్టన్ కింద బుస. రెండో వైపు సబ్బు పెడితే ఏమీ లేదు. అవుట్‌లెట్ నుంచి ఇస్తే 150 నుంచి 147, ఇన్లెట్ గేజ్ కదల్లేదు. సిలిండర్లో ఎప్పుడూ ఆర్22 తప్ప వేరేది పోయలేదు.

సీలే అనుకోవచ్చా? ఒక్క వైపే కారుతోంది కాబట్టి ఒక్క వైపే మారిస్తే చాలా?

రాజాం రిఫ్రిజిరేషన్

సీలే, ఇంక అనుమానం లేదు. వాల్వ్ కిట్ ఇప్పుడు కొనకు. రెండు వైపులా సీళ్లు మార్చెయ్యి. కొత్త సీల్ ఒకటి, నాలుగేళ్లది ఒకటి పెడితే ఆరు నెలల్లో మళ్లీ విప్పాలి. స్లీవ్ మాత్రం విప్పి చూశాక చెప్పు. గోడ మీద గోరు అడ్డంగా జార్చు. గోరుకి గీత తగిలితే ఆ స్లీవ్ కూడా మార్చాల్సిందే. గీత ఉన్న స్లీవ్‌లో కొత్త టెఫ్లాన్ కప్ పెట్టడం డబ్బు నూతిలో వెయ్యడమే.

విప్పేటప్పుడు ప్లగ్ తీసి, కెపాసిటర్ డిశ్చార్జ్ చేసి, అప్పుడు మొదలుపెట్టు. హెడ్ ఏ ముఖంగా ఉందో మార్కర్‌తో గీత పెట్టుకో. తిరగేసి బిగిస్తే ఇన్లెట్, అవుట్‌లెట్ తారుమారు. వాల్వ్ ప్లేట్ ఎలా ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకో. లోపల తెల్లటి లేదా బూడిద రంగు పొడి ఉంటే అది అరిగిన కప్‌ది, మామూలే. నల్లగా జిగటగా ఉంటే వేరే సంగతి. యూనిట్ల కంప్రెసర్ ఆయిల్, రాగి పొడి కలిసి ముద్దయినట్టు. అదే నీ సీల్‌ని తినేసింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పీచు రాని గుడ్డతో స్లీవ్ తుడువు. ఎమరీ కాగితం పెట్టకు.

కప్ మీద ఆయిల్, గ్రీజు రాయకూడదు. అది పొడిగా తిరిగే సరుకు, జిడ్డు ఉంటే దుమ్ము పట్టేస్తుంది. హెడ్ ఓరింగులకి మాత్రం రిఫ్రిజిరేషన్ ఆయిల్ వేలి కొసన తడి చాలు. పెదవి హెడ్ వైపే ఉండాలి. స్లీవ్‌లోకి దింపేటప్పుడు పెదవి ఒక పక్క మడత పడిందేమో చుట్టూ చూడు. హెడ్ బోల్టులు ఎదురెదురుగా, రెండు విడతల్లో, మాన్యువల్ చెప్పినంత టార్క్‌కి. కనెక్టింగ్ రాడ్ పట్టుకుని ఊపి చూడు, బేరింగ్‌లో ఆట ఉంటే పిస్టన్ ఒక పక్కకి ఒరిగి సీల్ అటే అరుగుతుంది. నీకు ఒక్క వైపే పోయింది కాబట్టి ఫ్యాన్ వైపు బేరింగ్ మీద నాకు అనుమానం ఉంది.

బిగించాక లోడ్ లేకుండా, రెండు పోర్టులూ తెరిచి, ఓ 15 నిమిషాలు నడుపు. కొత్త పెదవి గోడకి సర్దుకుంటుంది. ఆ తర్వాతే బుడగల పరీక్ష మళ్లీ చెయ్యి. ముందే చేస్తే కొత్తది కూడా కారుతోంది అనుకుంటావు.

విజయనగరం కూలింగ్

ఒక్క మాట కలుపుతా. సీల్ ఎందుకు పోయిందో చూసుకోకపోతే ఈ కిట్ కూడా అంతే. ఇన్లెట్‌కి ముందు ఫిల్టర్ డ్రయర్ పెట్టి వాడండి, కంప్రెసర్ కాలిన యూనిట్ తీశాక దాన్ని పారేసి కొత్తది. లిక్విడ్ లాగేటప్పుడు ఇన్లెట్ నాబ్ పూర్తిగా తెరవొద్దు. మెషిన్ ఠక్‌ఠక్ అంటుంటే లిక్విడ్ పిస్టన్ మీద పడుతున్నట్టే, వెంటనే నాబ్ తగ్గించాలి. కళింగపట్నం, భావనపాడు వైపు పనులకి పోయే మెషిన్లలో కండెన్సర్ రెక్కల్లో ఉప్పు పేరుకుని హెడ్ వేడి పెరుగుతుంది. వేడికి టెఫ్లాన్ త్వరగా అరుగుతుంది. నెలకోసారి మంచినీళ్లతో సన్నధారగా కడిగి, ఆరబెట్టి వాడితే సరిపోతుంది. మోటార్ మీద పడకుండా. పల్లెల్లో పొడవాటి సన్న వైరుతో ఎక్స్‌టెన్షన్ లాగొద్దు, 2.5 స్క్వేర్ ఎమ్‌ఎమ్ వాడండి. లోడ్ మీద మెషిన్ దగ్గర వోల్టేజ్ ఎంతుందో మీటర్ పెట్టి చూస్తే నేమ్‌ప్లేట్‌లో ఇచ్చిన హద్దులో ఉందో లేదో తెలుస్తుంది.

నరసన్నపేట ఏసీ

రెండు వైపుల సీళ్లు, ఓరింగులు, ఒక స్లీవ్ ఆర్డర్ పెడుతున్నా. ఆ 176 సిలిండర్‌ని ఏం చెయ్యాలి? పైన వాల్వ్ కొంచెం తెరిచి గాలి వదిలేస్తే?

పలాస ఫ్రిజ్ సర్వీస్

వదలొద్దు బాబూ. గాలి పైన విడిగా కూర్చోదు, గ్యాస్ ఆవిరితో కలిసే ఉంటుంది. వదిలితే రెండూ పోతాయి, ఎంత పోయిందో లెక్క తేలదు. సిలిండర్ మీద ఆర్22, గాలి కలిసింది అని రాసి, తేదీ వేసి, విడిగా పెట్టు. ఎవరి యూనిట్‌లోనూ ఎక్కించకు. రిక్లెయిమ్‌కి, అంటే శుద్ధి చేసి మళ్లీ వాడకానికి తేవడానికి, తీసుకునేవాళ్లకి ఇచ్చెయ్. ఇచ్చేలోపు తూకం వెయ్యి. సిలిండర్ నీటి కొలతలో (నిండా నీళ్లు పోస్తే పట్టే లీటర్లలో) 80 శాతం దాటి లిక్విడ్ ఉండకూడదు. 14 లీటర్ల సిలిండర్ అయితే ఆర్22 13 కిలోలు దాటనివ్వకు. దానిలో ఇప్పటికే ప్రెజర్ ఎక్కువ, ఎండలో ఆటో మీద పెట్టి తిప్పకు.